బఠాణీ ఎప్పుడు వేయాలి? మంచు దేశాల లెక్క విశాఖలో ఎందుకు కుదరదు

వానలు వెనకబడుతున్నాయనగానే విశాఖలో మిద్దె తోటల వాళ్లకి ఒక సందేహం మొదలవుతుంది. పచ్చి బఠాణీ ఎప్పుడు పెట్టాలి? దీనికి మూడు రకాల జవాబులు దొరుకుతాయి. ఫోన్‌లో చూసిన అమెరికా వీడియో జూలై, ఆగస్టు అంటుంది. ఉత్తరాది నుంచి వచ్చిన విత్తనాల పొట్లం మీద అక్టోబరు అని రాసి ఉంటుంది. పెరట్లో పాదులు పెంచి చేయి తిరిగిన పెద్దావిడని అడిగితే "కార్తీకం రానీయమ్మా, ఇప్పుడే ఏం తొందర" అంటుంది.

మూడు జవాబులూ తప్పు కావు. ఏది ఎక్కడ ఒప్పవుతుందో, ఎందుకవుతుందో తెలియకపోవడం వల్లే ఈ గందరగోళం. బఠాణీకి నెల పేరుతో పని లేదు. పూత పూసి కాయ నిండే మూడు నాలుగు వారాలు చల్లగా ఉంటే దానికి చాలు. ఆ వారాలు ఎక్కడ ఎప్పుడొస్తాయో చూసుకుని వెనక్కి లెక్కపెడితే విత్తే రోజు తేలుతుంది.

ఇంతకీ ఏ బఠాణీ?

బీచ్ రోడ్డులో చాట్ బండి మీద ఉడికే బఠాణీ, రైతు బజారులో కాయతో సహా తూచి ఇచ్చే పచ్చి బఠాణీ ఒకే జాతివే. కానీ పండించే రకాలు వేరు. చాట్‌లోకి వెళ్లేది పొలంలోనే ఎండబెట్టి కోసే గింజ రకం. అది నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పచ్చిగా ఒలుచుకుని తినేది తోట బఠాణీ. ఇందులో చాలా రకాల విత్తనాలు ఎండితే ముడతలు పడతాయి. గింజలో పిండి తక్కువ, చక్కెర ఎక్కువ ఉండటం వల్ల వచ్చే ముడత అది. ఆ తీపికో మూల్యం ఉంది. తడి ఎక్కువైన నేలలో ముడత గింజ గుండ్రటి గింజకంటే త్వరగా కుళ్లిపోతుంది. అక్టోబరు వానల సంగతికి వచ్చినప్పుడు ఈ మాట మళ్లీ అవసరమవుతుంది. తొక్కతో సహా వండుకునే రకాలు కూడా ఉన్నాయి, వాటి కాలం లెక్క కూడా దాదాపు ఇదే.

విత్తనాల పొట్లం మీద "60 రోజులు" అని ఉంటే, విత్తిన రోజు నుంచి మొదటి కోత దాకా అని అర్థం. వంగ, టమాటా లాగా నారు పోసి నాటే పంట కాదు కాబట్టి ఇక్కడ ఇంకో లెక్క కలపక్కర్లేదు. అయితే మొదటి కోతతో పని అయిపోదు. ఒకే మొక్క రెండు మూడు వారాల పాటు రెండు మూడు విడతలుగా కాయ ఇస్తుంది. ఆ వారాలు కూడా చల్లగా ఉంటేనే పొట్లం మీద బొమ్మలో ఉన్నంత పంట చేతికొస్తుంది.

చల్లదనం ఎప్పుడు కావాలి, ఎంత కావాలి

బఠాణీ చలికాలపు పంట అని అందరూ అంటారు. ఏ దశలో ఎంత చలి అన్నది మాత్రం అరుదుగా చెబుతారు.

మొలకకి పెద్ద చలి అక్కర్లేదు. నేల 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే వారం రోజుల్లో మొలక పైకి వస్తుంది. 10 డిగ్రీల దగ్గర అదే పనికి సుమారు రెండు వారాలు, 5 డిగ్రీల దగ్గర నెల పైన పడుతుంది. నేల 30 డిగ్రీలు దాటితే మొలిచే గింజల సంఖ్య తగ్గడం మొదలవుతుంది. లేత మొక్క చలికి బాగా ఓర్చుకుంటుంది, తేలికపాటి గడ్డకట్టే చలిని కూడా తట్టుకుని నిలుస్తుంది.

చిక్కంతా పూతతోనే. పగటి వేడి 30 డిగ్రీలకి చేరేసరికి పుప్పొడి సరిగ్గా పనిచేయదు. పువ్వు రాలుతుంది, నిలిచిన కాయలో గింజలు తక్కువ పడతాయి. పడిన గింజలో చక్కెర త్వరగా పిండిగా మారిపోయి నములుతుంటే గట్టిగా తగులుతుంది. ఇటు చలి మరీ ముదిరినా ఇబ్బందే. ఆకు తట్టుకునే మంచుని పువ్వు, లేత కాయ తట్టుకోలేవు. రెండు వైపుల నుంచీ ప్రమాదం పూతకే కాబట్టి, విత్తే తేదీ గురించి ఎవరు ఏం చెప్పినా ఆ లెక్క ప్రకారం పూత ఎప్పుడు పడుతుందో చూడాలి.

మంచు పడే చోట వెనక్కి లెక్కపెట్టే తీరు

అమెరికా, యూరప్‌లలో బఠాణీకి రెండు కాలాలున్నాయి. వసంతంలో విత్తి ఎండలు ముదిరేలోపు కోసేది ఒకటి. వేసవి మధ్యలో విత్తి శరత్తులో కోసేది రెండోది. ఈ రెండో పంట లెక్కే మన ఫోన్లలోకి ఎక్కువగా వస్తోంది. అక్కడ ప్రతి ఊరికీ "మొదటి మంచు తేదీ" అని ఒకటి ఉంటుంది. శరత్తులో మొదటిసారి గడ్డకట్టే చలి సగటున ఏ రోజుకి వస్తుందో చెప్పే తేదీ అది. దాన్ని పట్టుకుని వెనక్కి వస్తారు.

ఒక ఊళ్లో మొదటి మంచు అక్టోబరు 10 అనుకుందాం. రకం 60 రోజులది. కోతలు రెండు వారాలు సాగాలి, అంటే ఇంకో 14 రోజులు. శరత్తులో పగలు కుంచించుకుపోతూ, ఎండ పలచబడుతూ ఉండటం వల్ల మొక్క పొట్లం మీద రాసినంత వేగంగా ఎదగదు. అందుకని మరో 14 రోజులు కలుపుతారు. మొత్తం 88. అక్టోబరు 10 నుంచి 88 రోజులు వెనక్కి వెళితే జూలై 14 వస్తుంది.

అక్కడి జూలై మధ్య అంటే మండు వేసవి. గింజ వేడి నేలలో పడుతుంది, మొలక పలచగా వస్తుంది. ఇంకో రెండు వారాలు ఆగుదామంటే పూతకి మంచు తగిలే భయం. అందుకే శరత్తు బఠాణీ వసంతపు బఠాణీ అంత నమ్మకమైన పంట కాదని అక్కడి తోటల వాళ్లే అంటారు. వాళ్లకి మొదట్లో వేడి, చివర్లో చలి అడ్డొస్తాయి.

విశాఖకి మంచు లేదు, వానా ఎండా ఉన్నాయి

ఇదే లెక్కని సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి తెచ్చి పెట్టడంలోనే తప్పంతా జరుగుతోంది. విశాఖకి మొదటి మంచు తేదీ అంటూ లేదు. డిసెంబరు, జనవరిలో పగలు 28, 29 డిగ్రీల దగ్గర, రాత్రి 17 నుంచి 20 మధ్య ఉంటుంది. ఏడాది మొత్తంలో మనకి దొరికే చల్లదనం అంతే. బఠాణీకి అది హాయిగా ఉండేంత చలి కాదు, గట్టెక్కడానికి సరిపోయేంత మాత్రమే.

దీనికి రెండు వైపులా హద్దులున్నాయి. చివరి హద్దు ఎండ. ఫిబ్రవరిలో పగటి వేడి 30 దాటుతుంది, మార్చికి 33 వైపు పోతుంది. అంటే మంచు దేశంలో చలి చేసే పని ఇక్కడ ఎండ చేస్తుంది. మొదటి హద్దు కేవలం వేడి కాదు, వాన. విశాఖలో ఏడాదిలో ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ఒకటి. నైరుతి వెళ్లిపోతూ, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతూ ఉండే కాలమది. హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది 2014 అక్టోబరు 12న. 2021లో గులాబ్ తుపాను సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటితే విశాఖలో వీధులు నీట మునిగాయి. ప్రతి ఏడాదీ తుపాను రాదు, కానీ మామూలు ఏడాదిలో కూడా అక్టోబరు నేల రోజుల తరబడి తడిగానే ఉంటుంది. ముడత గింజకి అది పడదని ముందే అనుకున్నాం. తడి, వెచ్చదనం కలిసిన నేలలో వేరుకుళ్లు, ఎండు తెగులు కూడా పొంచి ఉంటాయి.

నగరం అంతటా చలి ఒకేలా ఉండదు. సముద్రం రాత్రి వేడిని నిలిపి ఉంచుతుంది కాబట్టి వాల్తేరు, ఎం.వి.పి. కాలనీల్లో చలికాలపు రాత్రి కాస్త వెచ్చన. వాతావరణ శాఖ వాల్తేరు లెక్క, విమానాశ్రయం లెక్క విడివిడిగా ఇస్తుంది. చలికాలం ఉదయాల్లో విమానాశ్రయం లెక్క తరచుగా తక్కువే ఉంటుంది. పెందుర్తి, ఆనందపురం, పద్మనాభం లాంటి లోపలి చోట్ల రాత్రులు ఇంకా చల్లబడతాయి. బఠాణీకి రెండు మూడు డిగ్రీల తేడా చిన్నది కాదు. సముద్రానికి ఎదురుగా అయిదో అంతస్తు మిద్దె మీద ఉప్పుగాలికి ఎండిన పాదుని చూసి "విశాఖలో బఠాణీ రాదు" అని తేల్చేవాళ్ల మాటా, పద్మనాభంలో పెరటినిండా కాయించినవాళ్ల మాటా రెండూ నమ్మదగ్గవే.

తీరానికి లెక్క వేస్తే

తీరంలో అన్నిటికంటే చల్లటి కాలం ఇంచుమించు డిసెంబరు 15 నుంచి జనవరి 25 దాకా. నెలగంట పెట్టిన దగ్గర నుంచి సంక్రాంతి వెళ్లిన పది రోజుల వరకు అనుకోవచ్చు. పూత, కాయ, కోత అన్నీ వీలైనంతవరకు ఇందులోనే ఇమడాలి.

ముందు త్వరగా కాసే రకం తీసుకుందాం. అర్కెల్ మన దేశంలో బాగా పేరున్న తొలి రకం. విత్తిన 35, 40 రోజులకి పూత, 55, 60 రోజులకి మొదటి కోత. డిసెంబరు 15కి పూత రావాలంటే 37 రోజులు వెనక్కి రావాలి, అంటే నవంబరు 8. ఆ రోజు విత్తితే మొదటి కోత జనవరి 5 ప్రాంతంలో, చివరి కోత ఇంకో రెండున్నర వారాలకి, జనవరి 22 దగ్గర. మొత్తం చల్లటి వారాల్లో ఇమిడింది.

ఇప్పుడు అదే నవంబరు 8న బోనివిల్ వేశామనుకుందాం. పేరున్న రకమే, కాయ పెద్దది, కాపు ఎక్కువ. కానీ మొదటి కోతకి 80 నుంచి 85 రోజులు పడుతుంది. అంటే జనవరి 30. అక్కడి నుంచి మూడు వారాల కోతలు ఫిబ్రవరి 20 దాకా పోతాయి. మొదటి విడత బాగుంటుంది, మూడో విడతకి కాయ సగం నిండి గట్టిపడుతుంది. పోనీ ముందే వేద్దామంటే, జనవరి మొదటి వారంలో కోయడానికి అక్టోబరు 15న విత్తాలి. పూత సరైన చలిలోనే పడుతుంది, గింజ మాత్రం వానలో పడుతుంది. బోనివిల్ మంచిది కాదని కాదు. విశాఖ చలికాలం దానికి చాలినంత పొడుగు లేదు.

రకం ఎంపికలో పగటి పొడుగు కూడా చూడాలి. ఆలస్యంగా కాసే చాలా బఠాణీ రకాలు పగలు పెరుగుతున్న కొద్దీ త్వరగా పూస్తాయి, పగలు తగ్గితే పూత వెనక్కి జరుపుతాయి. మనం విత్తేది పగలు తగ్గుతున్న రోజుల్లో. డిసెంబరు నడుమ విశాఖలో పగలు 11 గంటలే. తొలి రకాలు పగటి పొడుగుని అంతగా పట్టించుకోవు. తీరానికి అవే నప్పడానికి ఇది రెండో కారణం. వారణాసిలోని కూరగాయల పరిశోధన సంస్థ ఇచ్చిన కాశీ నందిని కూడా ఈ తొలి కోవలోదే. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వేడిని కొంత తట్టుకునే రకాలను తీసింది, అర్క చైత్ర వాటిలో ఒకటి. అలాంటి విత్తనం చేతికి అందితే చివరి హద్దు కాస్త ఆలస్యంగా వస్తుంది.

కార్తీకమా, కార్తెలా?

పెద్దావిడ "కార్తీకం" మాట స్థూలంగా సరైనదే. అయితే చాంద్రమానపు నెల ఒకచోట నిలవదు. 2023లో కార్తీకం నవంబరు 14న మొదలైంది. 2025లో అక్టోబరు 22నే వచ్చేసింది. మూడు వారాల పైన తేడా. అర్కెల్ లాంటి రకానికి అది పంట కాలంలో మూడో వంతుకి పైనే.

రైతులు వాడే కార్తెలు అలా కదలవు. కార్తె సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి ఏటా ఇంచుమించు అదే తేదీల్లో వస్తుంది. స్వాతి కార్తె అక్టోబరు 24 దగ్గర, విశాఖ కార్తె నవంబరు 6 దగ్గర, అనూరాధ నవంబరు 19, 20 దగ్గర మొదలవుతాయి. పైన మన లెక్కలో వచ్చిన నవంబరు 8 విశాఖ కార్తె మొదట్లో పడుతోంది. మొదటి మంచు తేదీ లేని ప్రాంతంలో వెనక్కి లెక్కపెట్టుకోవడానికి ఇంత స్థిరమైన పట్టు మనకి ఇంకొకటి లేదు.

ఘాట్ ఎక్కితే లెక్క మారిపోతుంది

అరకు, పాడేరు, చింతపల్లి 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలోవే, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. కాగితం మీద జిల్లా మారింది ఈమధ్యే, వాతావరణం మొదటి నుంచీ వేరు. తీరానికి మూడు గంటల ప్రయాణం దూరంలో, సుమారు 900 మీటర్ల ఎత్తున, చలికాలపు ఉదయాల్లో ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగుతుంది.

ఈ తేడా పంట కాలాన్ని ఎలా మారుస్తుందో చూడటానికి బఠాణీని డబ్బాల్లో నింపే పరిశ్రమ వాళ్లు వాడే ఒక లెక్క పనికొస్తుంది. రోజుల బదులు రోజువారీ వేడిని కూడతారు. పగటి వేడి, రాత్రి వేడి కలిపి సగం చేసి, అందులోంచి 4.4 డిగ్రీలు తీసేస్తారు. బఠాణీ 4.4 కంటే తక్కువలో ఎదగదని దాని వెనక ఉన్న ఊహ. మిగిలింది ఆ రోజు మొక్కకి దక్కిన వేడి.

తీరంలో డిసెంబరు రోజు ఒకటి: పగలు 28, రాత్రి 19. సగటు 23.5. అందులో 4.4 పోతే 19.1. అరకులో అలాంటి రోజు: పగలు 24, రాత్రి 10. సగటు 17, మిగిలేది 12.6. ఒక రకానికి కోత దాకా 1000 కావాలనుకుందాం, ఇది లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకె మాత్రమే. తీరంలో 1000ని 19.1తో భాగిస్తే 52 రోజులు. అరకులో 12.6తో భాగిస్తే 79 రోజులు. ఒకే విత్తనం, నాలుగు వారాల తేడా. పొట్లం మీద అంకె ఏ ఊరిదో తెలియకుండా దాన్ని నమ్మడం ఎందుకు కష్టమో ఇక్కడ తెలుస్తుంది.

52 రోజులకే కోత అంటే తీరం వాళ్లకి లాభమేగా అనిపిస్తుంది. లాభం కాదు. వేడికి మొక్క త్వరపడి, నాలుగు కణుపులు తక్కువ వేసుకుని, ఆకు చాలినంత పెరగకముందే పూతకి వస్తుంది. కొండ మీద నెమ్మదిగా ఎదిగిన మొక్క కొమ్మలు వేసి, ఎక్కువ కణుపుల్లో పూసి, ఎక్కువ కాయిస్తుంది. తీరంలో త్వరగా కాసే బఠాణీ తక్కువ కాస్తుంది.

కొండ మీద చల్లటి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది కాబట్టి బోనివిల్ లాంటి నిదానపు రకానికి కూడా చోటుంది. వానలు తెరిపిచ్చాక అక్టోబరులో విత్తినా పూత డిసెంబరు చలిలోనే పడుతుంది. అయితే ఎత్తు పెరిగే కొద్దీ ఇంకో ప్రమాదం ఎదురవుతుంది. చింతపల్లి దగ్గర లంబసింగిలో కొన్ని ఏళ్లు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వెళ్లి, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. చూడ్డానికి వచ్చే పర్యాటకులకి అది సరదా. పూత మీదున్న బఠాణీకి నష్టం. తీరంలో మనం పక్కన పెట్టిన మంచు దేశాల లెక్క ఈ ఒక్క మూల మళ్లీ అక్కరకొస్తుంది.

ముందు వేసేవాళ్లు, ఆగేవాళ్లు

తీరంలో దసరాకే విత్తేయాలనే వాదన ఒకటి ఉంది. దానికి బలమైన కారణమే ఉంది. డిసెంబరు నడుమ నుంచి బయటి రాష్ట్రాల పచ్చి బఠాణీ మార్కెట్లోకి దిగి ధర పడిపోతుంది. ఉత్తరప్రదేశ్ ఈ పంటలో దేశంలోనే ముందుంది, మధ్యప్రదేశ్‌లో జబల్‌పుర్ బఠాణీకి పెట్టింది పేరు. ఆ సరుకు రాకముందు నాలుగు కిలోలు అమ్మినా ఎక్కువ డబ్బు. సొంతానికి పెంచేవాళ్లకి కూడా ముందుగా వేస్తే జనవరి ఆఖరికల్లా పందిరి ఖాళీ అవుతుంది, వేసవి బీర, ఆనప పాదులకి చోటు దొరుకుతుంది. ఒప్పుకోవలసిన మాటే. ఎదురుగా ఉన్నది వాన. అక్టోబరు పొడిగా గడిచిన ఏడాది వాళ్ల పంట బంగారం, వాయుగుండం వచ్చిన ఏడాది విత్తనం కూడా మిగలదు. ఉత్తరాదిలో సైతం తొలి పంటకి ఎండు తెగులు, కాండపు ఈగ బెడద ఎక్కువ.

రెండో వాదన నవంబరు ఆఖరు దాకా ఆగమంటుంది. అప్పటికి వానభయం చాలావరకు తగ్గుతుంది. చాలావరకు అనడం ఎందుకంటే 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటితే ఆ వాన ఉత్తరాంధ్ర దాకా వచ్చింది. ఆగితే వచ్చే నష్టం చివర్లో కనిపిస్తుంది. నవంబరు 30న వేసిన అర్కెల్‌కి మొదటి కోత జనవరి 27, ఆ తరువాతి కోతలన్నీ ఫిబ్రవరిలో. చలికాలం చివర పొడి గాలికి ఆకుల మీద బూడిద తెగులు కమ్ముకునే రోజులు కూడా అవే.

నాకు విశాఖ కార్తె మొదటి వారమే మేలనిపిస్తుంది. ఒక్క రోజునే నమ్ముకోకుండా ఉన్న గింజల్ని పది రోజుల ఎడంతో రెండు మూడు విడతలుగా వేసేవాళ్ల పద్ధతిలో ఇంకా తెలివి ఉంది. ఏ విడత నెగ్గుతుందో ఆ ఏడాది వాతావరణం తేలుస్తుంది, ఏదో ఒకటి మాత్రం గట్టెక్కుతుంది. గింజలు పదో పాతికో ఉన్న కుండీల వాళ్లకి మాత్రం అలా పంచుకుంటే ప్రతి విడతకీ కూరకి చాలనంతే వస్తుంది.

కిరాణా గింజ, సంక్రాంతి తర్వాతి విత్తు

కిరాణా కొట్లో కొన్న ఎండు బఠాణీ నానబెట్టి నాటితే మొలుస్తుందా అంటే, పాతబడకపోతే మొలుస్తుంది. కానీ అది గింజకోసం పండించే రకం, కోతకి ఎన్ని రోజులో చెప్పేవాళ్లుండరు. వెనక్కి లెక్కపెట్టడానికి మన దగ్గర అంకే లేదు. నిదానపు రకం అయితే నవంబరులో వేసినా పూత ఫిబ్రవరి ఎండలో పడొచ్చు.

పండగ హడావిడి అయ్యాక జనవరి 18న అర్కెల్ వేస్తే పూత ఫిబ్రవరి 24కి, మొదటి కోత మార్చి 17కి వస్తుంది. అప్పటికి పగలు 33 డిగ్రీలు. మొక్క మోకాలెత్తు పెరిగి, చాలా పూలు రాల్చి, రెండు మూడు గింజలున్న కాయలు నాలుగు ఇచ్చి ఎండిపోతుంది. అంత ఆలస్యంగా వేసినవాళ్లకి దక్కేది కాయ కాదు, ఆకు. విత్తిన మూడు నాలుగు వారాలకి, ఎండలు ముదరకముందే తుంచిన లేత చిగుళ్లు పప్పులోకి బాగుంటాయి, వాటికి పూతతో పని లేదు.